ఒక చిరునామా – రెండు యంత్రములు

ఒకే వీధిలో రెండిండ్లకు ఒకే నంబరు వేసినచో తపాలా బంట్రోతు ఏమి చేయగలడు? ఉత్తరము నేడొక యింటికిని రేపొక యింటికిని చేరును. తప్పు బంట్రోతుది కాదు, నంబరు వేసినవారిది. మన యిండ్లలోని కంప్యూటర్లు, ప్రింటర్లు పెట్టు చిక్కులలో కొన్ని యిట్టివే యని మా యభిప్రాయము.

ఇంటి రౌటరు తన్నాశ్రయించిన ప్రతి యంత్రమునకును అంకెలతో కూడిన యొక చిరునామాను కొంతకాలమునకు ఎరవుగా నిచ్చును. 1993లో వెలసిన యీ పద్ధతికి డి.హెచ్.సి.పి. యని పేరు. రౌటరొక్కటియే పంచినంతకాలము తగవు రాదు. కాని యెవరో ప్రింటరునకు 192.168.1.20 అని స్వయముగా నియమింతురు. రౌటరు దాని నెఱుగదు. ప్రింటరు ఆర్పియున్న వేళ ఆ యంకెనే విద్యార్థి కంప్యూటరున కిచ్చును. పిదప ప్రింటరును వెలిగించినంతనే అచ్చు దారితప్పును; వినుచున్న పాఠమును నడుమ తెగును. ఒకే యింట రెండు రౌటర్లు చిరునామాలు పంచినను ఇట్టి గతియే పట్టవచ్చును.

అప్పుడు మనవారు చేయు పనులు మూడు: రౌటరు నార్పి వెలిగించుట, పిల్లలను గద్దించుట, క్రొత్త యంత్రమును కొనుట. మొదటిది తాత్కాలికోపశమనము, స్వయముగా నియమించిన యంకె యట్లే యుండుటచే వ్యాధి తిరుగబెట్టును. రెండవది అన్యాయము. మూడవది దుర్వ్యయము.

చేయదగిన దిది. ప్రింటరును పూర్తిగా నార్పి, దాని చిరునామాను మఱియొక కంప్యూటరునుండి పింగ్ అను ఆజ్ఞతో పిలువవలెను. అప్పటికిని జవాబు వచ్చినచో వేఱొక యంత్రము ఆ చిరునామాను పట్టుకొని యున్నదని నిశ్చయము. పిమ్మట ప్రింటరునకు స్వయముగా నిచ్చిన యంకెను తొలగించి, రౌటరులోనే దానిపేర నొక చిరునామాను ప్రత్యేకింపవలెను. రెండవ రౌటరున్నచో దాని పంపకమును మాన్పించి, మొదటిదానికి లేని యంకెను దానికీయవలెను. 169.254తో మొదలగు చిరునామా కనబడినచో అది తగవు కాదు. ఆ యంత్రమునకు రౌటరునుండి చిరునామా అందలేదని గుర్తు.

ప్రతి యింటను ఏ యంత్రమునకు ఏ యంకె యిచ్చితిమో తెలుపు చిన్న పుస్తక మొకటి యుండవలెను. ఆ లెక్క వ్రాయుపనిని పై తరగతుల విద్యార్థులకే యొప్పగింపుడని తలిదండ్రులను కోరుచున్నాము. నేరమెవరిదో నిర్ణయించుటకు ముందు కారణమును వెదకుట వారికి దానివలన నలవడును. ఆ యలవాటు రౌటరుకంటె ఎక్కువకాలము నిలుచును.