పసిపిల్లలకు పరాయి కొలబద్దలా?

ప్రతి సంవత్సరం జనవరిలో నాంపల్లి మైదానంలో నుమాయిష్ ప్రారంభమవుతుంది. దీపకాంతులు, లౌడ్‌స్పీకర్ల ఘోష, జనసమ్మర్దం, రంగులరాట్నాలు! వేలాది బాలబాలికలకు అదొక ఆనందనిలయం. కాని ఆ సందడిలోనే రెండు చెవులూ మూసుకొని, తల్లి ఒడిలో ముఖం దాచుకొని విలపించే పసివాడు కూడ ఒకడుంటాడు. చుట్టూ ఉన్నవారు వానిని "మొండివాడు" అంటారు. గారాబంతో చెడగొట్టినదని తల్లిని నిందిస్తారు. ఆ శబ్దం ఆ బిడ్డకు నిజంగానే భరింపరానిదై ఉండవచ్చునని ఆలోచించేవారు అరుదు.

కన్ను, చెవి, చర్మం అందించే అనుభూతులను, శరీరపు తూకాన్ని, కండరాల కదలికను మెదడు ఒకచోట కూర్చుకొన్నప్పుడే మనం తొట్రుపాటు లేక నడవగలం, వ్రాయగలం, తరగతిలో కుదురుగా కూర్చుండగలం. ఈ కూర్పునే ఇంద్రియ సమన్వయం అంటారు. అమెరికాకు చెందిన ఆక్యుపేషనల్ థెరపిస్టు డాక్టర్ జీన్ ఏయర్స్ ఈ సిద్ధాంతాన్ని 1972లో గ్రంథరూపంలో వివరించారు. ఆమె రూపొందించగా 1989లో ప్రచురితమైన పరీక్షావళిలో 17 పరీక్షలున్నవి. నాలుగేండ్లు నిండి తొమ్మిదేండ్లలోపు ఉన్న పిల్లలకు అవి ఉద్దేశింపబడినవి. వాటి ప్రమాణాలను అమెరికా, కెనడా దేశాలలోని సుమారు 2,000 మంది పిల్లలను పరీక్షించి నిర్ణయించారు.

చిక్కు ఇక్కడనే ఉన్నది. "శబ్దానికి చికాకు పడతాడా?" అనే ప్రశ్నకు ప్రశాంతమైన పల్లెలో ఒక అర్థం, హారన్లు మోగే ఆబిడ్స్ చౌరస్తాలో మరొక అర్థం. తెలుగు తల్లి "కంపరం" అన్నా, ఉర్దూ తల్లి "ఘబ్రాహట్" అన్నా, ఆ మాటలలో భయమెంత, అసహ్యమెంత, ఒంటి బాధ ఎంత అన్నది నిఘంటువు చెప్పజాలదు; ఆ ఇంటి భాష ఎరిగినవారే చెప్పగలరు.

మన గడ్డపై ఇట్టి కృషి అసాధ్యమేమీ కాదు. 1984లో సికింద్రాబాదులో నెలకొన్న జాతీయ మానసిక వికలాంగుల సంస్థ 2009లో ఆటిజం నిర్ధారణకై భారతీయ మాపనిని వెలువరించినది. దానిలోని 40 అంశాలలో ఆరు ఇంద్రియ సంబంధమైనవి. అయితే ఆటిజాన్ని గుర్తించడానికి ఆ ఆరు తోడ్పడినా, ఒక్కొక్క బిడ్డకు ఏ ఇంద్రియంతో ఎంత ఇబ్బందియో విడమరచి చెప్పడానికి చాలవు.

ఇంద్రియ లోపాన్ని ప్రత్యేక వ్యాధిగా పరిగణించరాదని అమెరికా శిశువైద్యుల సంఘం 2012లో హెచ్చరించినది. ఆ హెచ్చరిక సమంజసమే. నమ్మదగిన కొలబద్ద లేనిచోట తొందరపాటు ముద్రలు పడతాయి. కనుక ముందు కొలబద్దను సరిచూడాలి. ప్రశ్నలను మన భాషలలో వ్రాయాలి. ఏ ఇబ్బందీ లేని మన పిల్లలను ముందుగా పెద్దసంఖ్యలో పరీక్షించి ప్రమాణాలు నిర్ణయించాలి. ఇద్దరు పరీక్షకులు విడివిడిగా చూచినా, కొద్ది వారాల తరువాత మరల చూచినా ఫలితం ఇంచుమించు ఒకటే రావాలి.

ఇది నిపుణుల పని. మనకేమి సంబంధమని విద్యార్థి మిత్రులు అనవచ్చు. తెలుగు, ఉర్దూ రెండూ ఒకే కప్పు క్రింద వినిపించే కళాశాల మనది. తల్లులు వాడే మాటలను సేకరించి, అనువాదాలను సరిచూచి థెరపిస్టులకు అందించే శక్తి మనకున్నది. కళాశాల కమిటీ పెద్దలు నిపుణులను ఆహ్వానించి, ఇరుభాషల విద్యార్థులతో ఒక చిన్న బృందాన్ని ఏర్పరచవలసినదిగా నా మనవి. "మొండివాడు" అన్న నింద ఒక్క బిడ్డకు తప్పినా మన చదువు సార్థకమే.