పాకవిద్యయు నాకొన్నవారును

మన మహాభారతమున వంట నెరిగిన పురుషులకు గొప్ప పేరు గలదు. నలుడు బాహుకుడై ఋతుపర్ణుని కొలువున జేరెను. భీముడు వలలుడై విరాటుని వంటయింట నొక యేడు గడపెను. నేటికిని రుచియైన వంటను నలపాకమనియు భీమపాకమనియు మెచ్చుకొందుము. నిత్యము పొయ్యియొద్ద నిలుచు మన స్త్రీలకు మాత్రము పేరు లేదు, పనియే మిగిలినది. అది యటుండనిండు. రాజులకు వండిన చేతికి ఆకొన్నవారికి వండవలసిన దినము వచ్చినచో పాకవిద్య యెంతవరకు తోడ్పడును? ఎచ్చట దాని శక్తి యాగిపోవును? సోదరీమణులారా! ఈ ప్రశ్నకు సమాధానముగా అలెక్సిసు సోయరను వంటవాని చరిత్రమును ఈ నెల మీకు విన్నవింపదలచితిని.

సోయరు 1810వ సంవత్సరమున ఫ్రాన్సుదేశమున జన్మించెను. 1837లో లండను నగరమునందలి రిఫారం క్లబ్బునకు ప్రధాన పాచకుడయ్యెను. విక్టోరియా రాణి పట్టాభిషేకము జరిగిన 1838 జూన్ 28వ తేదీన ఆ క్లబ్బు పక్షమున రెండువేలమందికి ఫలాహారము సిద్ధపరచెను. తరువాత గట్టిన క్లబ్బు భవనమున వంటయిల్లు అతని యూహ ననుసరించియే యమర్చబడినది. మంటను తగ్గించుటకును హెచ్చించుటకును వీలైన గ్యాసుపొయ్యిలను ఆ కాలమున నతడచట నెలకొల్పెను. ఆ వంటయింటిని జూచుటకే గొప్పవారు వచ్చుచుండిరి.

ఇట్లుండగా ఐర్లండుదేశమున ఘోరమైన కరవు సంభవించెను. అచ్చటి పేదలకు బంగాళాదుంపయే యన్నము. 1845లో ఒక తెగులు సోకి ఆ దుంపలు నేలలోనే క్రుళ్లెను. మరుసటి యేడు పంట దాదాపుగా నశించెను. ధాన్యము పండకపోలేదు. పండినదానిని కొనుటకు బీదలచేత డబ్బు లేదు. కరవు నడుచుచుండగనే ధాన్యపు టోడలు పరదేశమునకు సాగిపోవుచునే యుండెను.

1847 ఆరంభమున సోయరు పత్రికలకు లేఖలు వ్రాసి, కొద్ది వ్యయముతో పెక్కుమందికి ఆహారము సిద్ధపరచు విధానమును సూచించెను. ప్రభుత్వమువారు అతనిని డబ్లిను నగరమునకు రప్పించిరి. ఏప్రిల్ 5వ తేదీన అతని యన్నశాల తెరువబడెను. అది పెద్ద కొయ్యశాల. నడుమ 300 గాలన్లు, అనగా సుమారు 1,360 లీటర్లు పట్టు గొప్ప కాగు. చుట్టును పొడవైన బల్లలు, బల్లలకు గుంటలు, గుంటలలో గిన్నెలు, ప్రతి గిన్నెకును గొలుసుతో గట్టిన చెంచా. గంట మ్రోగగానే నూర్గురు లోనికి వత్తురు. ఆరు నిమిషములలో చారు త్రాగి, రొట్టెముక్క చేత బుచ్చుకొని మరియొక ద్వారమున వెడలిపోవుదురు. మరల గంట మ్రోగును, మరల నూర్గురు వత్తురు. ఈ విధముగా దినమునకు సగటున ఎనిమిదివేలకు పైగా జనులకు అచట ఆహార మందెను.

పదిమంది బంధువులు వచ్చినచో మన మెంత తొట్రుపడుదుమో తలచుకొన్న, ఈ యేర్పాటు వెనుకనున్న బుద్ధి యెట్టిదో తెలియగలదు. పొయ్యి యెచ్చట నుండవలెను, జనులెటు వచ్చి యెటు పోవలెను, గిన్నెలు కడుగు వేళ యేది యనునవి అన్నియు యోచించినవాడు సోయరు. దుంపల తొక్కలను, కూరల పై యాకులను పారవేయరాదనియు, సువాసన వానిలోనే కలదనియు బోధించెను. పేదల వంటను గూర్చి ఒక చిన్న పుస్తకము వ్రాసి, అమ్మగా వచ్చిన సొమ్ములో కొంత ధర్మమునకు వినియోగించెను. ఇంతవరకు మెచ్చదగినదే.

ఇక కుండలోనికి తొంగిచూతము. సోయరు ముందుగా పత్రికలలో బ్రకటించిన చారు లెక్క యిది. రెండు గాలన్ల నీటికి, అనగా సుమారు 9 లీటర్లకు, 113 గ్రాముల మాంసము, 57 గ్రాముల క్రొవ్వు, 225 గ్రాముల పిండి, అంతియే తూకము యవలు, రెండుల్లిగడ్డలు, కొన్ని కూరగాయలు, ఉప్పు, కొంచెము చక్కెర. నేటి కాలరీల లెక్కతో గణించినచో ఆ కుండలోని సారమంతయు కష్టపడి పనిచేయు నొక్క మనిషికి ఒక్కదినమునకు మాత్రమే చాలును. దానినే యెనిమిది గిన్నెలకు పంచవలెను! లాన్సెటను వైద్యపత్రిక యా దినములలోనే ఇది దేహపోషణకు చాలదని గట్టిగా ఖండించెను. రుచి చూచిన పెద్దమనుష్యులు మాత్రము బాగున్నదని మెచ్చిరి. ఇంటికి పోయి కడుపునిండ భుజింపబోవువారి నాలుకకు బాగుగనే యుండును!

మరియొక సంగతి. ఐదు షిల్లింగులు రుసుము చెల్లించి, కులీనులైన స్త్రీపురుషులు ఆ శాలకు వచ్చి బీదలు చారు త్రాగుటను వేడుకగా చూచిరి. ఆ రొక్కము బీదలకే చెందినదనుట నిజమే. కాని మనయింట భుజించు నతిథిని వీధివారు గుమిగూడి చూచుచుండగా ఆ కబళము గొంతు దిగునా? విస్తరిలో వడ్డించిన దానికంటె వడ్డించిన తీరు ముఖ్యమని మన పెద్దలు ఊరకయే చెప్పలేదు.

ఆ వేసవిలో ఐర్లండునందలి ప్రభుత్వపు టన్నశాలలలో దినమునకు ముప్పదిలక్షలమంది వరకు ఆహారము పొందిరి. ఎన్ని లోపములున్నను ప్రాణములు నిలిపిన పని యిదియే. అయినను శరత్కాలమునకే వానిని మూసివేసిరి. 1845 మొదలు 1852 వరకు ఆకలిచేతను జ్వరములచేతను ఇంచుమించు పదిలక్షలమంది మడిసిరి. ఇందువలన దేలునదేమి? వంటనేర్పు ఉన్న పదార్థమును వృథాపోనీయక కాపాడగలదు, లేని పదార్థమును సృష్టింపజాలదు. అక్షయపాత్రను సూర్యుడు ధర్మరాజునకే యొసగెను గాని వంటవారికి గాని ప్రభుత్వములకు గాని యొసగలేదు. కుండలో పోయవలసినది పోయక, వంటవాని కీర్తితో కడుపులు నింపబూనుట యాకొన్నవారిని వంచించుటయే.

సోయరును ఇచ్చటనే విడిచిపెట్టుట న్యాయము గాదు. 1855లో అతడు తన సొంత ఖర్చులతో క్రిమియా యుద్ధరంగమునకు బోయి, ఫ్లారెన్సు నైటింగేలు సేవచేయుచున్న స్కుటారి యాసుపత్రిలో వంటను చక్కబరచెను. అచట మాంసము నుడికించి, ఆ యుడికిన నీటిని పారబోయుచుండిరి. రోగులకు బలమిచ్చునది ఆ నీటిలోనే యున్నదని చూపి, అతడు దానితోనే చారు కాయించెను. కొద్దిపాటి కట్టెలతో మండునట్లు అతడు కల్పించిన పొయ్యిని బ్రిటిషుసేన నూరేండ్లకు పైగా వాడుకొన్నది.

పారబోసిన ఆ నీటి ముచ్చట చదువునపుడు మన గంజి జ్ఞప్తికి రాకమానదు. మరపట్టిన తెల్లని బియ్యమును పలుమారులు కడిగి, పిదప గంజి వార్చి పారబోసినచో, బి1 విటమినులో పెద్దభాగము దానితోనే పోవును. ఆ విటమిను కొరవడుటచే గలుగు బెరిబెరి వ్యాధి యొకప్పుడు మన యుత్తరసర్కారు జిల్లాలను మిక్కిలి బాధించెను. 1918లో కూనూరునందు బెరిబెరి పరిశోధనకై చిన్నగదిలో మొదలైన శాలయే 1958లో హైదరాబాదునకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా విలసిల్లుచున్నది. కావున బియ్యమును మితముగా కడిగి, అత్తెసరు పెట్టి వండుట మేలు. వార్చిన యెడల గంజిని చారులోనికో తరవాణికో వాడుకొనవలెను. ఉప్పుడుబియ్యమునందు ఆ సారము చాలవరకు నిలిచియుండును.

సోయరునకు చాలని పాఠమును మనకాలపు వంటవాడొకడు స్త్రీలయొద్ద నేర్చుకొనెను. స్పెయినున బుట్టి అమెరికాలో భోజనశాలలు నడుపుచున్న హొసే ఆండ్రెస్ 2010లో భూకంపముచే కూలిన హైతీ దేశమునకు బోయి, శిబిరమున చిక్కుడుగింజలు వండెను. అచ్చటి స్త్రీలు రుచి చూచి, తాము గింజలను అట్లు తినమనియు, మెత్తగా నూరి పాయసమువలె చిక్కగా చేసికొందుమనియు చెప్పి చూపిరి. సర్వము కోల్పోయినవారికి నాలుకపై తమ యింటి రుచి మిగిలియున్నదని యతడు గ్రహించెను. ఆ యేడే వరల్డ్ సెంట్రల్ కిచెన్ అను సంస్థను స్థాపించెను. 2017లో తుపాను పాలైన ప్యూర్టోరికో ద్వీపమున స్థానికులైన వంటవారితోనే ఆ సంస్థ ముప్పది లక్షలకు మించిన భోజనములు వండించెను. ఆకొన్నవాడు ఏమి పెట్టినను తినునని తలచుట తగదు. వానికిని ఇష్టాయిష్టములు గలవు.

ఈ మూడు సంగతులు, అనగా సారము, రుచి, మర్యాద, మన గ్రామములందే పరీక్షింపదగిన చోటొకటి కలదు. అది మధ్యాహ్నభోజనము పెట్టు బడి. 2001 నవంబరు 28వ తేదీన సుప్రీంకోర్టు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో వండిన యన్నమే పెట్టవలెనని యాజ్ఞాపించెను. ఆంధ్రప్రదేశమున ఈ భోజనమునకు 2024 నుండి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టబడినది. లంకల గన్నవరమున వేళాపాళ లేక, కులమడుగక, వచ్చినవారికెల్ల అన్నము పెట్టిన యా తల్లి 1909లో పరమపదించెను. పేరు చక్కగనే పెట్టిరి. కుండ పేరునకు తగినట్లుండవలదా?

మా యింటివారు ఉపాధ్యాయులగుటచే నాకు తెలిసిన లెక్క చెప్పెదను. ప్రాథమిక తరగతుల బిడ్డ కొక్కనికి 100 గ్రాముల బియ్యము, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు నియమము. నూర్గురు బిడ్డలున్నచో కుండలో రెండు కిలోల పప్పు పడవలెను. పప్పు నీళ్లవలె నున్నచో వండెడి యామెను నిందింపకుడు. సరకు ఎంత వచ్చినది, ఎప్పుడు వచ్చినది, ఆమె జీతము సకాలమున నందుచున్నదా యని ముందుగా విచారింపుడు. ఆమె చేతినేర్పు అంతయు రానిపప్పును తేజాలదు గదా!

నెలకొక్కమారైనను తల్లులు వంతులవారీగా బడికి పోవుడు. డబ్లినులో పెద్దమనుష్యులు చూచినట్లు చెంచాడు రుచి చూచి మెచ్చి మరలి రావలదు. బిడ్డల సరసన పంక్తిలో గూర్చుండి, వారికి వడ్డించినదే వడ్డింపించుకొని, కడవరకు భుజించి రావలెను.