తాండూరు బండ మీద పాయింట్ల పట్టిక

తాండూరులో ఐపీఎల్ ప్లేఆఫ్స్ మాట ఎత్తితే వాదన ఒక్క జట్టుతో తేలదు. కర్ణాటక సరిహద్దు కూతవేటు దూరంలోనే ఉంది. సేడం, చించోళి వైపు నుంచి సంతకు, దవాఖానకు, పెళ్లిళ్లకు ఈ ఊరికి వచ్చిపోయేవాళ్లు ఎందరో. ఒకే ఇంట్లో నాన్న వైపువాళ్లు హైదరాబాద్ అంటే మేనమామలు బెంగళూరు అంటారు. ఏప్రిల్, మే నెలల్లో సన్‌రైజర్స్ అభిమానీ ఆర్‌సీబీ అభిమానీ ఒకే బెంచీ మీద కూర్చుని, ఒక చాయ్‌ను వన్ బై టూ చేసుకుని, గొంతు చించుకుని వాదించుకుంటారు. వికారాబాద్ దాకా వచ్చేసరికి బెంగళూరు గాలి తగ్గుతుంది. అక్కడ ధోనీ పేరు చెప్పి చెన్నై వైపు మొగ్గేవాళ్లు ఎక్కువ. పొద్దున లింగంపల్లి వైపు వెళ్లే రైలు పెట్టెలో నిలబడితే మూడు జట్ల వాళ్లూ దొరుకుతారు.

ఈ తగాదాకు లోతైన వేర్లున్నాయి. 2009 మే 24న జొహానెస్‌బర్గ్‌లో జరిగిన ఫైనల్లో అప్పటి హైదరాబాద్ జట్టు దక్కన్ చార్జర్స్ ఆరు పరుగుల తేడాతో బెంగళూరును ఓడించింది. ఆ రోజు నాలుగు వికెట్లు తీసి, ఓడిన జట్టులో ఉండి కూడా మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ అందుకున్నది అనిల్ కుంబ్లే. ఏడేళ్ల తర్వాత, 2016 మే 29న, బెంగళూరు సొంత మైదానం చిన్నస్వామిలో మళ్లీ అదే కథ నడిచింది. సన్‌రైజర్స్ 208 కొట్టింది. గేల్, కోహ్లీ పదిన్నర ఓవర్లలో 114 పరుగులు జోడించారు. ఆ తర్వాత చేతిలోకి వచ్చిన కప్పు ఎనిమిది పరుగుల దూరంలో జారిపోయింది. ఆ సీజన్‌లో కోహ్లీ చేసినవి 973 పరుగులు. ఆ లెక్క చెప్పి ఇప్పటికీ కళ్లు తడిచేసుకునే మనుషులు తాండూరులో ఉన్నారు. బెంగళూరు పోగొట్టుకున్న ఫైనళ్లలో రెండు హైదరాబాద్ జట్ల చేతిలోనే. దేశంలో మరెక్కడైనా ఇది పట్టికలో ఒక వరుస. సరిహద్దు ఊళ్లో మాత్రం ఇంటి మాట.

దీనికి తోడు సిరాజ్. హైదరాబాద్ ఆటోడ్రైవర్ కొడుకు, 2017లో సన్‌రైజర్స్ తరఫునే ఐపీఎల్‌లోకి వచ్చినవాడు, 2018 నుంచి ఏడు సీజన్లు బెంగళూరుకు బంతి వేశాడు. మనవాడు మనవాళ్ల వికెట్ తీస్తే చప్పట్లు కొట్టాలా వద్దా అన్న ప్రశ్న మీద తాండూరులో సగం రాత్రి గడిచిపోగలదు. అది పనికిరాని ప్రశ్న అని నేను అనుకోను. ఊరు, రాష్ట్రం, జట్టు, మనిషి, వీటిలో దేనికి మన మనసు కట్టుబడి ఉందో తేల్చుకోవడం చిన్న సంగతేమీ కాదు.

2024 మే నెలలో తాండూరులో ఒక నాపరాతి పాలిషింగ్ యూనిట్ దగ్గర చూసిన వాదన నాకు బాగా గుర్తుంది. కరెంటు పోయి కోత మిషన్లు ఆగాయి. తడి ఇంకా ఆరని బండల పక్కన, పొడిగా ఉన్న ఒక నీలం బండ మీద ఎవరో సుద్దముక్కతో పాయింట్ల పట్టిక రాసి పెట్టారు. జట్టు పేరు, ఆడినవి, గెలిచినవి, చివరన రన్ రేట్. బండ మీద సైజు గీతలు గీసే సుద్దముక్కే అది. అంతకు కొన్నాళ్ల ముందే, మే 8న, ఉప్పల్‌లో లక్నో ఇచ్చిన 166 లక్ష్యాన్ని ట్రావిస్ హెడ్, అభిషేక్ శర్మ వికెట్ పడకుండా 9.4 ఓవర్లలో కొట్టేశారు. ఆ మ్యాచ్‌లో ఓవర్‌కు ఎన్ని పరుగులు పడ్డట్టన్నది లెక్క. ఒక పెద్దమనిషి 167ను 9.4తో భాగించి పదిహేడు ముప్పావు అన్నాడు. పక్కన ఉన్న కుర్రాడు ఒప్పుకోలేదు.

"అట్ల కాదు కాకా. పాయింట్ నాలుగంటే నాలుగు బంతులు. ఆరిట్ల నాలుగు. అంటే తొమ్మిదిన్నర దాటి ఇంకింత. దానితోటి భాగించాలె."

"అయితే ఎంతొస్తది చెప్పు."

"పదిహేడుంబావు."

కుర్రాడి లెక్కే సరైనది. అతను పదో తరగతితో చదువు ఆపేసినవాడని తర్వాత తెలిసింది. ఓవర్‌కు మనం చేసిన సగటులోంచి ఓవర్‌కు మనం ఇచ్చిన సగటు తీసేస్తే నెట్ రన్ రేట్ అనీ, పదకొండో ఓవర్లో ఆలౌటైనా లెక్కలో ఇరవై ఓవర్లూ ఆడినట్టే అనీ అతను వివరిస్తుంటే చుట్టూ ఉన్నవాళ్లు నోరెత్తకుండా విన్నారు. బడిలో దశాంశాలు ఎవరి కోసమో నేర్పినట్టు ఉంటాయి. ఇక్కడ తన జట్టు కోసం. వాదనలో ఓడిపోతే నలుగురిలో మాట పోతుంది కాబట్టి లెక్క పక్కాగా ఉండాలి. ఇలా నేర్చుకున్నది ఎవరూ మరిచిపోరు.

ఆ లెక్కంతా దేనికంటే, రెండో స్థానం కోసం. ప్లేఆఫ్స్‌కు నాలుగు జట్లు వెళ్తాయి. మొదటి రెండు జట్లకు ఒక ఓటమి మాఫీ. క్వాలిఫయర్ 1లో ఓడినా క్వాలిఫయర్ 2 ఆడొచ్చు. మూడు, నాలుగు స్థానాల జట్లకు ఓడిన రోజే ఆఖరు. 2011 నుంచి ఇదే పద్ధతి. 2024 మే 19న సన్‌రైజర్స్ పంజాబ్ మీద 215 ఛేదించింది. అయినా రెండో స్థానం దాని చేతిలో లేదు. అదే రాత్రి గువాహటిలో రాజస్థాన్ గెలిస్తే ఆ స్థానం వాళ్లదే. అక్కడ వాన పడింది. ఆట రద్దయింది. ఇద్దరికీ పదిహేడేసి పాయింట్లు. రన్ రేట్‌లో హైదరాబాద్ పైన నిలిచింది. అంటే లక్నో మీద ఆ 58 బంతుల్లో కూడబెట్టింది అక్కరకొచ్చింది. రెండు రోజులకే అహ్మదాబాద్‌లో కోల్‌కతా చేతిలో ఓడి, మాఫీ అయిన ఆ ఒక్క ఓటమినీ వాడేసుకుని, చెన్నైలో అదే రాజస్థాన్‌ను 36 పరుగులతో ఓడించి ఫైనల్‌కు చేరింది. బండ మీద సుద్దముక్కతో వేసిన లెక్క నిజమైంది.

ఆ తర్వాతి లెక్క ఎవరికీ అందలేదు. ఏప్రిల్ 15న బెంగళూరులో 287 కొట్టి ఐపీఎల్ రికార్డు రాసిన జట్టు, ఆరు వారాలు తిరక్కుండానే, మే 26న చెన్నై ఫైనల్లో 113కు కుప్పకూలింది. ఐపీఎల్ ఫైనళ్లలో అంత తక్కువ స్కోరు ఏ జట్టూ చేయలేదు. కోల్‌కతా పదిన్నర ఓవర్లలో ఆట ముగించింది.

ప్లేఆఫ్స్ జోస్యం కష్టమైంది అందుకే. పద్నాలుగు మ్యాచ్‌ల లీగ్‌లో అదృష్టం కొంత అటూ కొంత ఇటూ సర్దుకుంటుంది. ఒక్క రాత్రిలో సర్దుకోవడానికి వేళ ఎక్కడిది? 2008లో అట్టడుగున నిలిచిన దక్కన్ చార్జర్స్ మరుసటి ఏడే కప్పు ఎత్తింది. 2016లో మూడో స్థానంతో ఎలిమినేటర్ ఆడి కప్పు గెలిచిన సన్‌రైజర్స్ తోవలో ఆ తర్వాత 2025 దాకా ఇంకే జట్టూ గెలవలేదు. 2018లో అదే సన్‌రైజర్స్ పట్టికలో అగ్రస్థానంలో ఉండి కూడా ఫైనల్లో ఓడింది. ఇది ఒక్క క్రికెట్ సంగతే కాదు. అమెరికా ఫుట్‌బాల్ లీగ్‌లో 2007 సీజన్‌లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ లీగ్ దశలో పదహారుకు పదహారూ గెలిచి, ప్లేఆఫ్స్‌లో మరో రెండు గెలిచి, సూపర్ బౌల్‌లో న్యూయార్క్ జెయింట్స్ చేతిలో 17-14తో ఓడిపోయింది. ఆ లీగ్ ప్లేఆఫ్స్‌లో మాఫీలు లేవు. ఓడిన రోజే ఇంటికి. డాలస్ చుట్టుపక్కల స్థిరపడ్డ మన తెలుగు పిల్లలు డాలస్ కౌబాయ్స్ గురించి ఏటా ఈసారైనా అన్న ఆశతో వాదించుకుంటారు. ఆ జట్టు చివరిసారి సూపర్ బౌల్ గెలిచింది 1996 జనవరిలో.

ఇంత తరచుగా తప్పే జోస్యం చెప్పడం ఎందుకని అడిగేవాళ్లుంటారు. నేను దాని పక్షాన నిలబడతాను. జోస్యం చెప్పినవాడు కారణం చెప్పాలి. చెన్నై పిచ్ మీద రాత్రి మంచు పడుతుందా, ఎడమచేతి పేసర్ ముందు హెడ్ నిలబడతాడా, ఇవన్నీ నలుగురి ముందు నిరూపించాలి. ఎదుటివాడి కారణం బలమైనదైతే మాట మార్చుకోవాలి. తాండూరు బెంచీల మీద మాట మార్చుకోవడం నామోషీ కాదు. "సరే అన్నా, నువ్వు చెప్పింది నిజమే" అనే మాట నేను చట్టసభల ప్రసారాల్లో కంటే అక్కడే ఎక్కువ విన్నాను.

ఈ మధ్య ఆ వాదన సన్నగిల్లుతోంది. దానికి కారణం బెట్టింగ్. పందెం కట్టినవాడు వాదించడు. తను ఎవరి మీద ఎంత పెట్టాడో బయటపెట్టడు. మాట మార్చుకునే స్వేచ్ఛ అతనికి లేదు, పైసలు అప్పటికే అవతలివాడి చేతిలో ఉన్నాయి. గుంపులో కూర్చుంటాడు కానీ చూపు ఫోన్ మీదే. బంతి బంతికీ మారే రేటు తప్ప అతనికి ఆటలో ఇంకేమీ కనిపించదు. అన్నిటికంటే నాకు బాధ కలిగించేది ఇంకొకటి. సన్‌రైజర్స్ జెర్సీ వేసుకుని, సన్‌రైజర్స్ ఓడిపోవాలని లోలోపల దండం పెట్టుకునే కుర్రాళ్లు తయారవుతున్నారు. రేటు అటు బాగుందని అటు కట్టారు. వాళ్లకు జట్టు లేకుండా పోయింది.

ఈ ప్రాంతంలో ఇంకో చిక్కుంది. తాండూరు కందిపప్పు పేరున్న సరుకు. ఆ కందులకు 2022లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కందులు అమ్మిన పైసలు ఇంట్లోకి వచ్చే కాలం, ఐపీఎల్ మొదలయ్యే కాలం ఇంచుమించు పక్కపక్కనే. ఏడాది కష్టం ఇంట్లోకి వచ్చిన వారంలోనే ఒక క్లిక్‌తో బయటికి పోయే దారి ఇంట్లోని పిల్లవాడి జేబులో ఉంది. పోయింది రాబట్టుకోవడానికి లోన్ యాప్. ఆ అప్పు తీర్చడానికి ఇంకో మ్యాచ్. ఇది ఎక్కడికి దారితీస్తుందో జిల్లా పేజీలు చదివేవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

చట్టాలున్నాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే గేమింగ్ చట్టం సవరించి నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ అలాంటి చట్టం చేసింది. భారత జట్టు చొక్కా మీద ఉన్న డ్రీమ్ 11 పేరు దానితోనే పోయింది. అమెరికా ఇందుకు ఎదురు దారి పట్టింది. 2018లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పుతో చాలా రాష్ట్రాలు బెట్టింగ్‌కు తలుపులు తెరిచాయి. ఇప్పుడు అక్కడ టీవీ విశ్లేషకుడు ఎవరు గెలుస్తారో చెప్తుంటే పక్కనే రేటు కూడా కనిపిస్తుంది. మన చట్టాన్ని నేను సమర్థిస్తాను. కానీ మనిషికీ మనిషికీ మధ్య ఫోన్‌లో చెల్లించుకునే పందేలను అది ఒక్కటే ఆపలేదు.

ఇక్కడే పెద్దవాళ్ల మీద నాకు ఫిర్యాదు ఉంది. బెట్టింగ్ భయంతో చాలా ఇళ్లలో క్రికెట్ మాటే ఎత్తనివ్వడం లేదు. పట్టిక చూస్తే తిట్టు, ప్లేఆఫ్స్ లెక్క వేస్తే తిట్టు. అప్పుడు కుర్రాడు బెంచీ వదిలి మూలకు వెళ్తాడు. మూలన అతని కోసం కాచుకుని ఉన్నది యాప్. గొంతెత్తి వాదించే పిల్లవాణ్ని చూసి భయపడకండి, అతనితో కూర్చుని ఎదురు వాదించండి. యువజన సంఘాలు వినాయక చవితికి పెట్టే శ్రద్ధలో పదో వంతు పెడితే చాలు, పంచాయతీ గోడ మీద పాయింట్ల పట్టిక రాసి, ఎవరు ఏ జట్టును చెప్పారో, ఎందుకు చెప్పారో పేర్లతో పక్కన రాయొచ్చు. రూపాయి అక్కర్లేదు. గోడ మీద పేరుతో ఉన్న జోస్యం తప్పితే ఆ పట్టింపు వచ్చే సీజన్ దాకా ఉంటుంది.

ఆ గోడ మీద నా మాట కూడా రాయమంటే రాస్తాను. ప్లేఆఫ్స్‌లో సన్‌రైజర్స్ రాత తేల్చేది బ్యాటింగ్ కాదు, బౌలింగ్. 2016లో కప్పు తెచ్చింది భువనేశ్వర్, ముస్తాఫిజుర్‌ల ఓవర్లు. 2024లో అదే కప్పు లాక్కున్నది కోల్‌కతా పేసర్ స్టార్క్ కొత్త బంతి. పదకొండు సీజన్లు మన దగ్గరున్న భువనేశ్వర్‌ను ఆ ఏడాది వేలంలో బెంగళూరు 10.75 కోట్లకు తీసుకుపోయింది, 2025 జూన్ 3న అతనితోనే తొలి కప్పు ఎత్తింది. అదీ ఆరు పరుగుల తేడాతోనే. తాండూరు బెంగళూరు అభిమాని ఆ ఆరు పరుగులను 2009కి జవాబుగా చెప్పుకుంటున్నాడు, చెప్పుకోనివ్వాల్సిందే. నా వాదనకు గట్టి జవాబు 2018 ఫైనల్లో ఉంది. భువనేశ్వర్ తొలి ఓవర్‌ను మెయిడెన్ వేశాడు, వాట్సన్ పది బంతులకు ఒక్క పరుగూ తీయలేకపోయాడు, చివరికి 57 బంతుల్లో 117 కొట్టి కప్పు చెన్నైకి ఇచ్చాడు. వికారాబాద్‌లో చెన్నై వైపు ఉన్నవాళ్లు మొదట ఎత్తేది ఈ మ్యాచ్‌నే. దానికి నా దగ్గరున్న బదులు ఒకటే: ఆ రోజు వాట్సన్ ఒక్కడు తప్ప మరే బ్యాటరూ ఆ బౌలింగ్‌ను అంత నలగ్గొట్టలేదు. ఇది చాలదంటే, ఏది చాలుతుందో చెప్పండి.