విద్యయు వైరమును

విద్య పెరిగినచో వైరము తగ్గునని పెద్దలు చెప్పుదురు. బడులు, బాటలు, వైద్యశాలలు ఏర్పడిన దేశమున శాంతి తనంతట నెలకొనునని అంతర్జాతీయ సహాయసంస్థలును చిరకాలము నమ్మినవి. ఈ నమ్మకమును ఆఫ్రికాఖండములోని చిన్న దేశమగు రువాండా 1994లో తలక్రిందులు చేసినది.

అంతకు పూర్వము ధనసహాయమొసగు రాజ్యముల దృష్టిలో ఆ దేశము అభివృద్ధికి చక్కని ఉదాహరణము. ఆ యేడు ఏప్రిల్ 6వ తేదీ రాత్రి అధ్యక్షుడు హబ్యారిమానా ప్రయాణించుచున్న విమానము కూల్చివేయబడినది. పిమ్మట సుమారు నూరు దినములలో ఎనిమిది లక్షలమంది హతులైరని ఐక్యరాజ్యసమితి అంచనా. వారిలో అత్యధికులు టుట్సీలు. చంపినవారిలో పెక్కురు ఇరుగుపొరుగు హుటూలే. ఉభయులును ఒకే భాష మాటలాడువారు. ఒకే కొండపై ప్రక్కప్రక్కన కాపురముండువారు. ఈ జాతిసంహారమునకుగాను 1998లో అంతర్జాతీయ నేరవిచారణ న్యాయమండలి తొలుత దోషిగా నిర్ణయించిన అకాయేసు ఒకనాటి బడిపంతులు.

“ఇది అనాదియైన తెగల పగ” యని లోకము తేల్చివేసినది. ఈ సులభసమాధానముతో తృప్తిపడనివారిలో డాక్టరేటు పట్టమునకై పరిశోధించు విద్యార్థులును కలరు. అమెరికాకు చెందిన స్కాట్ స్ట్రాస్ రువాండా కారాగారములకు పోయి, శిక్షపడిన 210 మందిని ప్రశ్నించెను. వారిలో చాలమందికి పొరుగు టుట్సీలపై ముందునుండి పగ లేదు. యుద్ధభయము, తోటి హుటూల ఒత్తిడి, అధికారుల ఆజ్ఞను మీరలేని అలవాటు—ఇవియే వారిచేత కత్తి పట్టించినవని ఆయన నిర్ణయము.

కెనడాలో పరిశోధించిన ఎలిజబెత్ కింగ్ వేరొక ప్రశ్న వేసెను: బడిలో ఏమి జరిగినది? బెల్జియము పాలనలో, 1930 తరువాతి దశాబ్దమున, గుర్తింపుపత్రముపై తెగపేరు ఎక్కినది. ఆ పేరు బడిలోనికిని ప్రవేశించినది. ఉపాధ్యాయుడు హుటూలను ఒకమారు, టుట్సీలను ఒకమారు లేచి నిలువుమని లెక్కించెడివాడు. తన తెగ యేదో ఆ దినముననే మొదట తెలిసికొన్న పిల్లలు కలరు. హైస్కూలులో చోటు దొరకుటయందును ఆ పేరు లెక్కకు వచ్చెడిది. చరిత్రపాఠము టుట్సీలను పరాయివారిగా చిత్రించెడిది. బడియొక్కటే హత్యాకాండకు కారణమనుట సరికాదు. కాని మనుష్యులను రెండుగా చూచు చూపు అచట అలవాటైనది.

1994 తరువాత గుర్తింపుపత్రములనుండి తెగపేరు తొలగింపబడినది. బడులలో చరిత్రబోధన కొన్నేండ్లు నిలిపివేయబడినది. ఏది చెప్పవలెనో తేల్చుకొనుట అంత కష్టమైనది.

సహాయసంస్థల పట్టికలలో ఆ బడులన్నియు అభివృద్ధి పద్దుననే చేరినవి. బడికి ఎందరు పోయిరో పట్టిక చెప్పగలదు. అచట పిల్లవాడు ఏ పేరు విని లేచి నిలిచెనో చెప్పలేదు. అది తెలియుటకు ఒకరు దూరదేశము పోయి, ఎదుట కూర్చుండి, అడిగి, ఓపికతో వినవలసివచ్చినది. పరిశోధనకు పట్టముకంటె మిన్నయైన ప్రయోజనమిదియే. హాజరుపట్టీ చేతబట్టిన ప్రతి ఉపాధ్యాయుడును ఆ ప్రశ్నను తన తరగతిలో వేసికొనవచ్చును; దానికి ఏ పట్టమును అక్కరలేదు.