ఏడక్షరాల పరీక్ష

ముందు ఒక చిన్న పరీక్ష. ఒక ఇంగ్లీషు నవల తెరిచి నాలుగు పేజీలు తీసుకున్నారనుకోండి. అందులో సుమారు 2,000 మాటలుంటాయి. స్పెల్లింగులో సరిగ్గా ఏడక్షరాలుండి, చివర ఐ-ఎన్-జి వచ్చే మాటలు ఎన్ని ఉండొచ్చు? తోచిన అంకె కాగితం మీద వేసుకోండి. ఇప్పుడు రెండో ప్రశ్న. అవే నాలుగు పేజీల్లో, ఏడక్షరాలుండి, ఆరో అక్షరం ఎన్ అయిన మాటలు ఎన్ని ఉండొచ్చు?

ఈ ప్రశ్నలు నేను తయారు చేసినవి కావు. ఆమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1983లో ప్రచురించిన పరిశోధనలోవి. మొదటి ప్రశ్న ఒక బృందాన్ని, రెండోది మరో బృందాన్ని అడిగారు. మొదటి బృందం చెప్పిన అంకెల మధ్యగతం 13.4. అంటే సగం మంది అంతకు పైన, సగం మంది అంతకు దిగువన చెప్పారన్నమాట. రెండో బృందం మధ్యగతం 4.7.

ఇందులో తిరకాసు చూడండి. ఐ-ఎన్-జి తో ముగిసే ఏడక్షరాల మాట ఏదైనా సరే, దాని ఆరో అక్షరం ఎన్ అయి తీరుతుంది. మీటింగ్, వాకింగ్, పార్కింగ్, ఏది రాసి చూసినా అంతే. అవన్నీ రెండో జాబితాలోకి వస్తాయి. వాటికి తోడు పేమెంట్, పేషెంట్, కరెంట్, మెషీన్ కూడా వస్తాయి. కాబట్టి రెండో జాబితా మొదటిదానికంటే చిన్నది కావడం అసాధ్యం.

నేను బీకాం చదివి, డిఫెన్స్ అకౌంట్స్‌లో పని చేసి రిటైరైనవాణ్ణి. మైనర్ హెడ్ ఖర్చు అది ఉన్న మేజర్ హెడ్ మొత్తాన్ని మించిపోయిందని ఎవరైనా స్టేట్‌మెంట్ తెస్తే, లోపలి వోచర్లు చూడక్కర్లేదు. అక్కడే వెనక్కి పంపేస్తాం. మరి మన బుర్ర అలాంటి స్టేట్‌మెంట్‌ను ఎలా పాస్ చేస్తోంది?

కారణం సులువే. బుర్ర లెక్కపెట్టదు, వెతుక్కుంటుంది. ఎంత తేలిగ్గా దొరికితే అన్ని ఎక్కువ ఉన్నాయనుకుంటుంది. ఐ-ఎన్-జి అనగానే ఏదో ఒక క్రియకు తగిలించి మాటలు వరసగా చెప్పేస్తాం. ఆరో అక్షరం ఎన్ అంటే ఎక్కడ పట్టుకుని వెతకాలో తెలీదు. రోజూ పదిసార్లు అనే కరెంట్ కూడా గుర్తుకి రాదు.

ఇంగ్లీషు స్పెల్లింగుతో మనకేం పని అంటారా? జ్యోతిష్కుడి వ్యాపారమంతా దీని మీదే నడుస్తోంది. "వచ్చే ఏడాది మీ ఇంట్లో ఒకరికి జబ్బు చేస్తుంది" అంటే ఎవరూ డబ్బులివ్వరు. "శ్రావణ మాసంలో, మీ ఇంట్లో పెద్దావిడకి, కడుపులో జబ్బు చేస్తుంది" అంటే దక్షిణ పెరుగుతుంది. రెండోది మొదటిదానిలో ఒక చిన్న ముక్క. వివరం చేర్చిన కొద్దీ అది జరిగే అవకాశం తగ్గుతుంది, మన నమ్మకం మాత్రం పెరుగుతుంది.

జోస్యంతో పోయేది డబ్బు. ప్రాణాలు పోయే చోటు వేరే ఉంది. మా కాలనీలో ఒకావిడకి రొమ్ములో గడ్డ వచ్చింది. డాక్టరు ఆపరేషన్ అన్నాడు. ఈలోగా ఇద్దరు బంధువులొచ్చి, ఫలానా ఊళ్ళో నాటు మందుతో తమవాళ్ళకి నయమైందని చెప్పారు. వాళ్ళు అబద్ధం చెప్పారని నేననను. ఆవిడ ఎనిమిది నెలలు ఆ మందు వాడింది. మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళేసరికి జబ్బు కాలేయానికి పాకింది. ఇప్పుడు ఆవిడ లేదు.

అక్కడ ఎవరూ అడగని ప్రశ్న ఒకటే: ఆ మందు వాడినవాళ్ళు మొత్తం ఎంతమంది? నయమైనవాళ్ళు ఆ మొత్తంలో ఒక ముక్క. వాళ్ళు ఐ-ఎన్-జి మాటల్లాంటివాళ్ళు, పిలవకుండానే గుర్తుకొస్తారు. పోయినవాళ్ళు ఇంటింటికీ వచ్చి చెప్పరు. ఆరో అక్షరంలోని ఎన్ లాగా వాళ్ళు ఉంటారు, ఎవరికీ కనపడరు.

మిత్రులొకరు అడగొచ్చు: ఆ శాస్త్రవేత్తలు మాత్రం తమకి అనుకూలమైన మాటలు ఏరుకోలేదా? అడగాల్సిన ప్రశ్నే. వీళ్ళదే 1973 నాటి మరో ప్రయోగం ఉంది. కె, ఎల్, ఎన్, ఆర్, వి అనే అక్షరాలు ఇంగ్లీషు మాటల్లో మొదట ఎక్కువ వస్తాయా, మూడో స్థానంలోనా అని అడిగారు. నిజానికి ఐదూ మూడో స్థానంలోనే ఎక్కువ. 152 మందిలో 105 మంది, ఐదింటిలో ఎక్కువ అక్షరాలకి మొదటి స్థానమే అన్నారు. కానీ ఇంగ్లీషు హల్లుల్లో ఎక్కువ భాగం మొదట్లోనే ఎక్కువ వస్తాయి. 20 హల్లుల్లో 12 అలాంటివే. అలా కాని 8 హల్లుల్లోంచి ఈ ఐదింటిని ఎంచుకున్నారు. ఆ సంగతి వాళ్ళే రాశారు. కాబట్టి ఆ ప్రయోగాన్ని చూపించి జనం అన్నిటా పొరబడతారని చెప్పకూడదు. ఏడక్షరాల పరీక్షకి ఆ ఇబ్బంది లేదు. ముక్క మొత్తాన్ని మించదన్నది ఏ అక్షరాన్ని ఎంచుకున్నా మారదు.

ఇక నా సూచన. బి. ప్రేమానంద్ లాంటివారు ఊరూరా తిరిగి, గాల్లోంచి విభూది ఎలా తీస్తారో చేసి చూపించారు. ఆ ప్రదర్శనలు ఇకముందు కూడా జరగాలి. అయితే అవి బాబా చేతివాటాన్ని పట్టిస్తాయి. చూసినవాడు "ఈ బాబా దొంగ" అనుకుని, ఇంకో బాబా దగ్గరికి వెళ్ళే ప్రమాదం ఉంది. ఈ పరీక్ష ఎవరి బుర్రని వాళ్ళకే పట్టిస్తుంది. బళ్ళలో మనం పెట్టే ప్రతి సభలోనూ దీన్ని చేర్చాలి.

ఇంగ్లీషు రాని పిల్లలకి తెలుగులోనే పెట్టొచ్చు. నాలుగక్షరాలుండి "గాడు"తో ముగిసే మాటలు చెప్పమంటే మొనగాడు, ఆటగాడు, వేటగాడు అంటూ మొదలెడతారు. నాలుగక్షరాలుండి మూడో అక్షరం "గా" అయిన మాటలు చెప్పమనండి, తడుముకుంటారు. అప్పుడు చెప్పండి: మొనగాడు ఇందులోనూ ఉన్నాడు, వాడితో పాటు అత్తగారు, మామగారు, నాన్నగారు కూడా ఉన్నారని. పిల్లలు నవ్వుతారు. ఆ నవ్వు ఆగకముందే నాటు మందు సంగతి ఎత్తి, "వాడినవాళ్ళు మొత్తం ఎంతమంది?" అని అడగడం నేర్పాలి.