పక్షిదోషమా? మూసికొనని నాళమా?

మా పాల్వంచలో నొక గృహమున ఏడవ నెలలోనే బిడ్డ జన్మించెను. వైద్యశాలలో కొన్ని వారము లుంచుకొని, "హృదయము చెంత నొక నాళ మింకను మూసికొనలేదు, పదునైదు దినములలో మరల తీసికొని రండు" అని చెప్పి పంపిరి. నెల గడచినది. బిడ్డ పాలు త్రాగుచు నడుమ ఆయాసపడి విడిచివేయును, నుదుట చెమట పట్టును, బరువు పెరుగదు. ఇంటివారు దానికి పెట్టిన పేరు పక్షిదోషము. పట్టభద్రుడైన తండ్రియే తాయెత్తు కట్టించెను! గ్రహణమునాడు కోడలు వాకిట తిరిగినదని అత్తగారి నింద వేఱొకటి.

గర్భమున శిశువు ఊపిరి పీల్చదు. ప్రాణవాయువు మావినుండి వచ్చును. కావున ఊపిరితిత్తులకు పోవలసిన రక్తములో నధికభాగము ఒక చిన్న నాళముగుండ బృహద్ధమనిలోనికి మరలును. నెలలు నిండిన బిడ్డకు సాధారణముగా రెండు మూడు దినములలో నది ముడుచుకొని మూసికొనును. నెలలు నిండని బిడ్డకు తెరచియే యుండవచ్చును. అప్పుడు ప్రవాహ మెదురు తిరిగి, బృహద్ధమని రక్తము ఊపిరితిత్తులపైకి పొరలివచ్చును; గుండె అలసిపోవును. ఇందులో ఏ పక్షి నీడ కలదు?

"తనంతట తానే మూసికొనునట గదా!" యని పెద్ద లొకరు నాతో వాదించిరి. నిజమే. పెక్కుమంది బిడ్డల కట్లే జరుగును. నేటి వైద్యులును అందఱికి మందీయక కొంతకాలము వేచిచూచుచున్నారు. కాని వారు బరువు తూచుచు, శ్వాస లెక్కించుచు, ఎకో పరీక్షతో నాళమును కొలుచుచు వేచియుందురు. మనము తలుపు మూసి బిడ్డను దాచుచున్నాము. వేచియుండుట వేఱు, దాచియుంచుట వేఱు. నాళము మూతపడనిచో ఐబూప్రొఫెన్, పారాసిటమాల్ వంటి మందులు కలవు; అవి పుట్టిన తొలిదినములలోనే బాగుగ పనిచేయును. ఆ గడువు దాటినచో చిన్న మూత నమర్చుటయో, శస్త్రచికిత్సయో. బోస్టనులో రాబర్టు గ్రాస్ ఏడేండ్ల బాలికకు ఈ నాళమును కట్టివేసినది 1938లో!

కిన్నెరసాని యావలి గూడెములవారు వానకాలమున బిడ్డ నెత్తుకొని రాలేరనిన నొప్పుకొందును. వారికి వాహనము కావలెను, మన నిందలు కావు. ధనము లేదందురా? 2007లో నారంభమైన ఆరోగ్యశ్రీలో పేదబిడ్డల గుండె చికిత్సలు చేరియున్నవి. కొత్తగూడెము బస్సు ఇంటిముందే నిలుచు మనకేమి అడ్డము? పదిమంది యేమందురో యను జంకు తప్ప నాకు మఱొకటి కనబడదు.

తుదకు ఆ తల్లియే, అత్తగారు గుడికేగిన వేళ, బిడ్డను చంక నిడుకొని బస్సెక్కినది. తిరిగివచ్చిన దినమున ఇంట నెవరును ఆమెతో మాటాడలేదు. ఆమె మందుసీసాను దేవునిగూటి ప్రక్కనే పెట్టి, బిడ్డకు పాలీయ కూర్చున్నది.