సంతకం పెట్టే చేతికి ఎవరు చెప్తారు?

మార్చి మొదటి వారంలో ఓ సాయంత్రం మా పెద్ద వదినగారు ఫోన్ చేసి, "అమ్మాయ్, పదో తారీకున మా శిక్షణ తరగతిలో నువ్వొచ్చి ఓ ముప్పావుగంట మాట్లాడాలి. మా ఆఫీసరుగారు నీ పేరు రాసేసుకున్నారు" అన్నారు. వదినగారు జిల్లా కేంద్రంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటు. జీతాల బిల్లులు, కాంట్రాక్టు బిల్లులు, ఆడిట్ వాళ్ళకి జవాబులు అన్నీ ఆవిడ చేతి మీదుగానే వెళ్తాయి. నేనేమో డిగ్రీ చదివి, ఇల్లు చూసుకుంటూ, తీరిక దొరికినప్పుడు కథలు రాసుకునే మనిషిని. సర్కారు డబ్బు లెక్కలు చూసేవాళ్ళకి నేను చెప్పేదేముంటుంది? అదే అడిగాను.

"నిన్ను లెక్కలు చెప్పమనలేదులే. మహిళా దినోత్సవం కదా, 'ఇల్లూ ఆఫీసూ - ఒత్తిడి లేని జీవితం' అని ఒక ఉపన్యాసం పెట్టారు. మాలో ఆడవాళ్ళం తొమ్మిదిమందిమి ఉన్నాం" అన్నారు.

చెప్పొద్దూ, కాస్త గర్వంగానే వెళ్ళాను. నా వంతు మధ్యాహ్నం మూడింటికి. బస్సు త్వరగా చేరడంతో పొద్దుటి ఉపన్యాసాలన్నీ వెనక కుర్చీలో కూర్చుని విన్నాను. ఆ విన్నదాని గురించే ఈ నాలుగు మాటలూ.

హాల్లో నలభైమందికి పైగా ఉన్నారు. అందరూ వాళ్ళ వాళ్ళ ఆఫీసుల్లో డబ్బు వ్యవహారాలు చూసేవాళ్ళే. ఖజానా నుంచి డబ్బు డ్రా చేసే అధికారం ఉన్నవాళ్ళని డీడీవోలంటారు. వాళ్ళు కొందరు, వాళ్ళ కింద బిల్లులు తయారుచేసేవాళ్ళు మిగతావాళ్ళు. మొదటి ఉపన్యాసం పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయనది. నిజాయితీ, అంకితభావం, ఆయన సర్వీసులో చూసిన గొప్ప గొప్ప అధికారులు. గంటన్నర. రెండో ఆయన కుర్రాడు. కాంట్రాక్టరుకి కట్టే బిల్లులో జీఎస్టీ ఎలా మినహాయించాలో చెప్పాడు. 2018 అక్టోబరు నుంచీ ప్రభుత్వ ఆఫీసులు రెండున్నర లక్షలు దాటిన కాంట్రాక్టు మీద 2 శాతం పట్టుకుని కట్టాలట. బోర్డు మీద ఒక బిల్లు రాసి, ఎక్కడెక్కడ తప్పు పడుతుందో చూపించాడు. నాకే అర్థమైందంటే చూడండి. అప్పటిదాకా ఫోన్లు చూసుకుంటున్న వాళ్ళందరూ కలాలు తీశారు. అతనికి ఇచ్చింది మాత్రం అరగంటే, ఎందుకంటే పెద్దాయన టైము మించిపోయారు.

మూడో ఉపన్యాసం ఆర్థిక క్రమశిక్షణ మీద. ఆయన కేంద్ర ప్రభుత్వపు 2017 నాటి సాధారణ ఆర్థిక నిబంధనల్లోంచి ఒక సంగతి చెప్పారు. మామూలు వివేకం గల మనిషి తన సొంత డబ్బు విషయంలో ఎంత జాగ్రత్త పడతాడో, ప్రభుత్వోద్యోగి ప్రజల డబ్బు విషయంలో అంత జాగ్రత్త పడాలన్నది దాని సారాంశం. రాష్ట్రాల ఆర్థిక నియమావళుల్లో కూడా ఇలాంటిదే ఉంటుందన్నారు. నాకు బాగా నచ్చింది. కానీ వింటూంటే మా అమ్మ పద్దు పుస్తకం గుర్తొచ్చింది. పాలవాడికింత, చాకలికింత, తమ్ముడి ఫీజుకింత అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకునేది. అందులో ఒక్క రూపాయి కూడా అమ్మ 'సొంత డబ్బు' కాదు. నాన్న జీతం. ప్రతి రూపాయికీ నెలాఖరున లెక్క చెప్పాల్సిందే. మన ఆడవాళ్ళలో చాలామందికి సొంత డబ్బుతో ఉన్న అనుభవం కంటే, ఇంకొకరి డబ్బుకి జవాబు చెప్పుకోవడంలో ఉన్న అనుభవమే ఎక్కువ. ఆ లెక్కన ప్రజల డబ్బు కాపాడే పనికి మనకి చిన్నప్పటినుంచీ శిక్షణ ఉన్నట్టే! నవ్వులాటకి అనడంలేదు.

ఆయనే ఇంకో మాట కూడా అన్నారు. ఆర్థిక సంవత్సరం చివరి నెలల్లో హడావుడిగా డబ్బు ఖర్చు పెట్టేయడం ఆర్థిక మర్యాదని ఉల్లంఘించడమేనట, అదీ నిబంధనల్లోనే ఉందట. పక్కన కూర్చున్న వదినగారు నా చెవిలో, "ఈ క్లాసు మార్చిలో ఎందుకు పెట్టారనుకున్నావ్? శిక్షణ పద్దులో డబ్బు మిగిలింది. ముప్పై ఒకటో తారీకులోగా ఖర్చు చూపించాలి" అన్నారు. నాకు నవ్వాగలేదు. ఆవిడకి మాత్రం నవ్వు రాలేదు. టేబుల్ మీద బిల్లులు గుట్టగా వదిలేసి వచ్చారు మరి. ఏడాది మొత్తంలో ఊపిరాడని నెల ఏదైనా ఉందంటే అది మార్చే. ఆ నెలలో రెండురోజులు ఇక్కడ కూర్చుంటే, ఆ పనంతా రాత్రి ఎనిమిదింటిదాకా ఆఫీసులో ఉండి చేసుకోవాలి. మగవాళ్ళకైనా అంతే కదా అంటారేమో. అంతే. కాకపోతే ఎనిమిదింటికి వాళ్ళు ఇంటికెళ్ళేసరికి కంచంలో అన్నం ఉంటుంది.

అసలు క్లాసు నేను చూసింది భోజనాల దగ్గర. తొమ్మిదిమంది ఆడవాళ్ళూ ఒకచోట చేరారు. మాటల్లో ఒకావిడ, ముప్పై అయిదేళ్ళుంటాయేమో, మెల్లగా మొదలుపెట్టింది. కారుణ్య నియామకంలో ఉద్యోగంలో చేరిందట, భర్త పోయాక. ఆవిడకి ముందు ఆ సీటులో ఉన్నాయన ఏవో సభలూ శిబిరాల పేరుతో ఏసీ బిల్లు మీద అడ్వాన్సు డ్రా చేసి, ఖర్చు వివరాలతో డీసీ బిల్లు పెట్టకుండానే బదిలీ అయిపోయాడు. ఏసీ, డీసీ అంటే నాకు కరెంటే తెలుసు. వాళ్ళు చెప్పాక తెలిసింది - ముందు మొత్తంగా డబ్బు తీసుకోవడం ఏసీ, తరవాత రసీదులతో సహా లెక్క అప్పజెప్పడం డీసీ. ఇలా లెక్క అప్పజెప్పని బిల్లుల గురించి కాగ్ నివేదికల్లో మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటుంది. ఇప్పుడు ఆడిట్ వాళ్ళు ఈవిడని నిలదీస్తున్నారు. రసీదులు లేవు. ఆయన ఫోన్ ఎత్తడు. "నా పెన్షన్‌లోంచి పట్టుకుంటారేమోనండీ" అంది. ఇరవై ఏళ్ళ తరవాత వచ్చే పెన్షన్ గురించి ఇప్పట్నుంచే భయం.

ఇంకో అమ్మాయిది వేరే కథ. జీతాల్లోంచి పట్టుకున్న ఆదాయపు పన్నుకి మూడునెలలకోసారి రిటర్ను వేయాలి. ఆలస్యమైతే రోజుకి 200 రూపాయల రుసుము. ఆ అమ్మాయి ప్రసూతి సెలవులో ఉండగా ఆ పని ఎవరూ చూడలేదు. సెలవునుంచి వచ్చాక ఆరువేలు తన జేబులోంచి కట్టిందట. "ఆఫీసు పద్దులో ఎలా రాస్తాం, ఆడిట్ ఊరుకోదు" అన్నారట పైవాళ్ళు. బిడ్డని కన్నందుకు జరిమానా అనుకోవాలా?

మూడో ఆవిడ చెప్పింది విన్నాక నాకు అన్నం సహించలేదు. మన రాష్ట్రంలో 2018లో సీఎఫ్ఎంఎస్ వచ్చిన దగ్గర్నుంచీ బిల్లులు కంప్యూటర్లో నడుస్తున్నాయి. ఎవరి లాగిన్ వాళ్ళకి ఉంటుంది. కానీ వాళ్ళ ఆఫీసరుగారికి కంప్యూటరంటే చిరాకు. పాస్‌వర్డ్ ఈవిడకే ఇచ్చేశాడు. ఓటీపీ వస్తే ఫోన్లో చదివి చెప్తాడు. అంటే తయారుచేసేదీ ఈవిడే, పాస్ చేసేదీ ఈవిడే. రేపు ఏదన్నా తేడా వస్తే? "ఆయన తనకేం తెలియదంటారు. నేనే నొక్కానని నేను ఒప్పుకోవాలి." పొద్దున్న ఉపన్యాసంలో 'పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండి' అని ఒక్క ముక్కలో తేల్చేసినప్పుడు హాలంతా ఎందుకు నవ్విందో నాకప్పుడు తెలిసింది. అక్కడున్నవాళ్ళలో సగంమంది పాస్‌వర్డ్ ఎవరో ఒకరి దగ్గర ఉన్నట్టే ఉంది!

"మరి కుదరదని చెప్పలేరా?" అన్నాను, కథలు రాసేవాళ్ళకి ఉండే అమాయకత్వంతో. అందరూ నాకేసి చూశారు. వదినగారే జవాబిచ్చారు. "చెప్పొచ్చు. వారం తిరక్కుండా మారుమూల ఊరికి డెప్యుటేషన్ వేస్తారు. పిల్లాడి టెన్త్ పరీక్షలు."

కేంద్ర ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమాల్లో ఈ సంగతికి సంబంధించిన మాటుంది. పై అధికారి ఆదేశం సాధారణంగా రాతపూర్వకంగా ఉండాలి. నోటిమాటతో చెప్పాల్సొస్తే ఆ తరవాత వెంటనే రాసి ధ్రువీకరించాలి. కింది ఉద్యోగి కూడా ఆ ధ్రువీకరణ అడిగి తీసుకోవాలి. మంచి నియమమే. అయితే ఆ కాగితం ఎలా అడగాలి? ఆఫీసరుకి కోపం రాకుండా, తన మీద కక్ష పెట్టుకోకుండా, ఫైలు మీద ఏ మాటలతో నోటు పెట్టాలి? ఎవరికి ప్రతి పంపాలి? పాత సీటులోకి చేరేటప్పుడు ఛార్జీ లిస్టులో ఏమేం రాయించుకుంటే, ముందున్నవాడి పాపం తన నెత్తికి చుట్టుకోదు? ఆ రెండురోజుల కార్యక్రమపు కాగితం నేను మొత్తం చదివాను. ఇది చెప్పే ఉపన్యాసం ఒక్కటీ లేదు. నా ఒత్తిడి ఉపన్యాసం మాత్రం ఉంది.

నా అభిప్రాయం ఇదే. ప్రజల డబ్బు లెక్కలు చూసే ఉద్యోగులకి శిక్షణ అక్కర్లేదని ఎవరంటారు? దేశంలో దానికి పెద్ద పెద్ద సంస్థలే ఉన్నాయి. ఫరీదాబాద్‌లో 1993లో జాతీయ ఆర్థిక నిర్వహణ సంస్థ పెట్టారు, 2020లో దానికి అరుణ్ జైట్లీ పేరు చేర్చారు. ఆడిట్ శాఖ ఉన్నతాధికారులకి సిమ్లాలో అకాడమీ ఉంది. హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో మర్రి చెన్నారెడ్డి గారి పేరిట ఉన్న సంస్థ సంగతి మనకందరికీ తెలిసిందే. పైన కూర్చునేవాళ్ళకి చదువు బాగానే అందుతోంది. ఆ చదువు మెట్లు దిగి జిల్లా ఆఫీసులో బిల్లు తయారుచేసే ఆడమనిషి దగ్గరికి వచ్చేసరికి నిజాయితీ మీద గంటన్నర ఉపన్యాసంగా మిగులుతోంది. ఆవిడకి నిజాయితీ లేక కాదు ఇబ్బంది. ఆ నిజాయితీని కాపాడుకోవడానికి ఏ కాగితం అడగాలో తెలియక.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వారంరోజుల శిక్షణలుంటాయి. వాటికి వెళ్ళేదెవరని అడిగాను. తొమ్మిదిమందిలో ఇద్దరే వెళ్ళారు, ఒకావిడకి పెళ్ళికాలేదు, ఇంకొకావిడ పిల్లలు పెద్దవాళ్ళు. మిగతావాళ్ళ బదులు రిటైర్మెంటుకి ఆర్నెల్లున్న పెద్దమనుషులు వెళ్ళి, సంచీ, ఫైలు తెచ్చుకున్నారు. 2020లో కేంద్రం మిషన్ కర్మయోగి మొదలుపెట్టాక ఫోన్లోనే పాఠాలు వినే సదుపాయం వచ్చింది. కేంద్రంలో పనిచేసే మా పక్కింటావిడ రాత్రి వీడియో పెట్టి, పక్కన పోపు వేసుకుంటూ ఉంటుంది. సర్టిఫికెట్ వస్తుంది. పాఠం ఎంత వచ్చిందో ఆవిడకే తెలియాలి. అయినా ఆ పాఠం మధ్యలో ఆపి, "మా ఆఫీసరు ఇలా చేస్తున్నాడు, ఏం చెయ్యను?" అని ఫోన్‌ని అడగలేం కదా!

మూడింటికి నన్ను పిలిచారు. శాలువా కప్పారు. రాసుకొచ్చిన కాగితం మడిచి సంచీలో పెట్టేశాను. ప్రాణాయామం గురించి, పొద్దున్నే లేచి తులసి చుట్టూ తిరగడం గురించి నాలుగు పేజీలు రాసుకున్నాను మరి, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది. ఎవరి పేర్లూ చెప్పకుండా, భోజనాల దగ్గర విన్న ప్రశ్నలే మైకులో ఒక్కొక్కటీ చదివాను. పాస్‌వర్డ్ సంగతి వచ్చేసరికి ముందు వరసలో ఇద్దరు ముగ్గురు కదిలారు. "ఇవి ఒత్తిడి కిందికి రావు కదమ్మా" అన్నారొకరు. "ఇంతకంటే ఒత్తిడి ఇంకేముంటుందండీ?" అన్నాను. పొద్దుటి జీఎస్టీ కుర్రాడు లేచి, డీసీ బిల్లు విషయంలో ఆవిడ ఏం చేయొచ్చో చెప్పడం మొదలుపెట్టాడు. పాత ఆఫీసరు ఇప్పుడు పనిచేసే చోటికి ఆఫీసు పేరుతో ఉత్తరం రాయించడం, దాని ప్రతి ఆడిట్‌కి పంపడం, తను ఏ తారీకున ఛార్జీ తీసుకుందో చూపించే కాగితం జతచేయడం. ఆవిడ గబగబా రాసుకుంది. పదినిమిషాలైంది. టీ వచ్చింది, సభ ముగిసింది.

ఇలాంటి శిక్షణలు పెట్టేవాళ్ళకి నేను చెప్పదలుచుకున్నది పెద్దదేం కాదు. మార్చిలో కాకుండా ఏ సెప్టెంబరులోనో పెట్టండి. పది నుంచి నాలుగింటిలోపల, బస్సు దొరికే ఊళ్ళో, తెలుగులో. ముందుగా ప్రశ్నలు కాగితం మీద పేరు లేకుండా రాయించుకోండి. ఉపన్యాసం ఇవ్వడానికి పెద్ద హోదాలో రిటైరైనవాళ్ళనే వెతక్కండి. ఇరవై ఏళ్ళు బిల్లులు రాసి, ఆడిట్‌కి జవాబులు చెప్పి, ఒక్క రికవరీ కూడా లేకుండా నెగ్గుకొచ్చిన సూపరింటెండెంట్లు ఉంటారు. వాళ్ళ నోటు ఫైళ్ళే పాఠాలు. సర్పంచులుగా గెలిచిన ఆడవాళ్ళకీ ఇదే కావాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పంచాయతీల్లో సగం పదవులు మనవే. వంటింట్లోంచి నేరుగా పంచాయతీ నిధుల మీద సంతకం పెట్టే కుర్చీలోకి వెళ్తున్న వాళ్ళెందరో. తెలంగాణలో 2018 చట్టం వచ్చాక సర్పంచికీ ఉపసర్పంచికీ కలిపి చెక్ పవర్ ఇచ్చారు. పక్కవాడు సంతకం పెట్టమన్నప్పుడు దేనికని అడగడం ఎవరు నేర్పుతారు వాళ్ళకి? భర్త నేర్పుతాడా?

మొన్న వదినగారి ఆఫీసునుంచి మళ్ళీ ఫోనొచ్చింది. ఈసారి విషయం 'నవ్వుతూ పనిచేద్దాం' అట. నేను రానని చెప్పి, నా బదులు మా వదినగారిని మాట్లాడించమన్నాను. ఛార్జీ లిస్టులు రాయడంలో ఆవిడని మించినవాళ్ళు లేరని కూడా చెప్పాను. "ఆవిడ మా స్టాఫే కదండీ" అన్నారు. స్టాఫ్ కాబట్టే అన్నాను. చూస్తామన్నారు.